తపస్సు కాలానికి ఊరి గుడిని సిద్ధం చేసుకోవడం

తపస్సు కాలం అంటే ఈస్టరుకు ముందు కతోలికులు ఉపవాసంతో, ప్రార్థనతో గడిపే నలభై రోజులు. విచారణలో (పారిష్‌లో) ఫాదర్ గారు ఒక్కరే ఉంటారు, ఆయన కింద ఆరేడు ఊళ్ళుంటాయి. నుదుటికి బూడిద పెట్టి ఈ కాలాన్ని మొదలుపెట్టే విభూది బుధవారం నాడు ఆయన రెండు ఊళ్ళలో పూజ (మాస్) చేయగలరు, మహా అయితే మూడు. మిగతా ఊళ్ళలో తపస్సు కాలం ఎలా నడిచేదీ ఊళ్ళో జపాలు నడిపించే ఉపదేశి గారి మీద, పాటల బృందం మీద, గుడి తాళం ఉన్న ఇంటివాళ్ళ మీద ఆధారపడి ఉంటుంది. ఈ నలభై రోజుల్లో ఫాదర్ గారు వస్తేనే జరిగేవి ముఖ్యంగా మూడు: పూజ, పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం), బూడిద ఆశీర్వదించడం. సిలువ మార్గం (క్రీస్తు శ్రమలను పద్నాలుగు స్థలాల దగ్గర ఆగి ధ్యానించడం), వాక్య ప్రార్థన, ఆశీర్వదించిన బూడిదను పంచిపెట్టడం, రోగుల ఇళ్ళకు వెళ్ళి జపం చెప్పడం, పేదల కోసం కానుకలు పోగుచేయడం ఊరివాళ్ళే చేసుకోవచ్చు. అయితే విభూది బుధవారానికి ముందు ఆదివారం కూర్చుని మాట్లాడుకుంటే చాలదు. మూడు వారాల ముందే మొదలుపెట్టాలి.

ముందు క్యాలెండరు

2027 సంవత్సరాన్నే తీసుకుందాం. ఆ ఏడు ఈస్టరు మార్చి 28న. విభూది బుధవారం ఫిబ్రవరి 10. అంటే సరిగ్గా విజయవాడ గుణదల మరియమాత తిరునాళ్ళ నడిమి రోజు. తిరునాళ్ళు ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లోనే జరుగుతాయి, ఆ తేదీలు మార్చడానికి లేదు. ఊరి నుంచి బస్సు మాట్లాడుకుని గుణదల వెళ్ళేవాళ్ళకు ఈ సంగతి ముందే చెప్పాలి. పీఠాధిపతి (బిషప్) గారి నుంచి వేరే ఉత్తరువు వస్తే తప్ప ఆ రోజు ఉపవాసమే, మాంసం కూడదు. దారిలో బిర్యానీ పొట్లాలకు అడ్వాన్సు ఇచ్చేశాక ఈ మాట చెప్తే గొడవే అవుతుంది.

మాంసం మానే శుక్రవారాలు ఫిబ్రవరి 12, 19, 26, మార్చి 5, 12, 19, ఆ పైన పవిత్ర శుక్రవారం మార్చి 26. వీటిలో మార్చి 19 పునీత జోజప్పగారి (యోసేపు) మహోత్సవం, అంటే పండుగల్లో అన్నిటికన్నా పెద్ద తరగతిది. మహోత్సవం శుక్రవారం నాడు పడితే ఆ రోజుకు మాంసం నియమం వర్తించదు, ఇది శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం 1251లోనే ఉంది. ఈ కాలంలో మామూలుగా పాడని మహిమ గీతం కూడా ఆ పూజలో పాడతారు. దేవదూత మరియమాతకు క్రీస్తు జననాన్ని తెలిపిన మంగళవార్త మహోత్సవం మార్చి 25న రావాలి, కానీ ఆ ఏడు పవిత్ర గురువారంతో కలిసింది కాబట్టి ఏప్రిల్ 5 సోమవారానికి మారుతుంది. ఏటా మార్చి 25కి ఊళ్ళో మరియమాత పండుగ చేసేవాళ్ళు కరపత్రం అచ్చు వేయించే ముందే ఫాదర్ గారిని అడగాలి.

ఊరి క్యాలెండరును కూడా దీని పక్కన పెట్టుకోండి. పల్నాడులో, ఖమ్మం వైపు ఇది మిర్చి కోతల కాలం. కూలికి వెళ్ళిన ఆడవాళ్ళు ఇల్లు చేరి స్నానం చేసి బయటికి వచ్చేసరికి ఏడు దాటుతుంది. వాళ్ళ ఊళ్ళో సాయంత్రం 5:30కి సిలువ మార్గం పెడితే పిల్లలూ ముసలివాళ్ళే వస్తారు. 7:30కి పెట్టండి. మార్చిలో పది, ఇంటర్ పరీక్షలుంటాయి, కాబట్టి మైకు సౌండు గుడి ఆవరణ దాటనివ్వకండి. రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకరు ఎలాగూ నిషేధం. 2027లో రంజాన్ నెల కూడా దాదాపు ఇదే సమయంలో మొదలవుతుంది. సిలువ మార్గం వీధిలో మసీదు ఉంటే సాయంత్రం నమాజు వేళ తెలుసుకుని ఆ లోపలో, ఆ తర్వాతో బయలుదేరాలి. ముందురోజే వెళ్ళి ఒక మాట చెప్పి వస్తే ఇంకా మంచిది.

బూడిద

పోయిన ఏడు మట్టల ఆదివారం (ఈస్టరుకు ముందు ఆదివారం) ఆశీర్వదించిన మట్టలనే కాల్చాలి. ఇళ్ళలో సిలువ పటాల వెనక దోపినవాటిని రెండు వారాల ముందు నుంచే గుడికి తెప్పించండి. కిలో ఎండుటాకు కాల్చినా చేతికొచ్చేది గుప్పెడు బూడిదే. నుదుటికి పట్టేది చిటికెలో చిటికె కాబట్టి ఓ చిన్న గ్లాసుడు బూడిద ఐదారు వందల మందికి సరిపోతుంది.

కాల్చే ముందు ఏరండి. సిలువలుగా అల్లిన కొబ్బరాకుల్లో పిన్నులుంటాయి, రంగు రిబ్బన్లుంటాయి, కొందరు ప్లాస్టిక్ కవరు కూడా చుట్టి ఉంచుతారు. అవన్నీ తీసేసి, మట్టలను రెండు రోజులు ఎండబెట్టి, చిన్న ముక్కలు చేసి పాత ఇనుప మూకుడులో వేసి కాల్చాలి. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. మంట ఆరేదాకా వదిలేస్తే తెల్లటి బూడిద వస్తుంది. అది నుదుటి మీద కనపడదు, నూరినా గరగరగానే ఉంటుంది. ఆకు నల్లబడి మంట తగ్గుతుండగానే మూకుడు మీద బిగుతుగా మూత పెట్టేయండి. గాలి అందక అది బొగ్గులా నల్లగా నిలిచిపోతుంది. పూర్తిగా చల్లారాక రోట్లో మెత్తగా నూరి, పల్చటి నూలుబట్టలో వస్త్రఘాళితం పట్టి, తడి తగలని డబ్బాలో పెట్టుకోవాలి. చల్లారకముందే ప్లాస్టిక్ డబ్బాలో పోస్తే అడుగు కరిగిపోతుంది.

నీళ్ళు కలపకండి. కలిపితే చక్కగా అంటుకుంటుందని అనిపిస్తుంది, కానీ బూడిద నీళ్ళకు క్షారగుణం ఉంది. వెనకటికి బట్టలు ఉతకడానికి వాడింది అందుకే. ముద్దగా చేసి పిల్లల నుదుటికి పెడితే చర్మం మండి ఎర్రగా కందుతుంది. తెల్ల బూడిదతో ఈ బాధ ఇంకా ఎక్కువ. ఆశీర్వాద సమయంలో ఫాదర్ గారు చల్లే తీర్థం నాలుగు చుక్కలు పడితే పర్వాలేదు. పొడిగా నడినెత్తిన చల్లడం కూడా శ్రీసభలో పాత పద్ధతే. కోవిడ్ వచ్చిన 2021లో రోము అన్ని దేశాలకూ అలాగే చేయమని చెప్పింది.

ఫాదర్ గారు రాని ఊళ్ళకు బూడిదను ఇలా పంపవచ్చు: విచారణ కేంద్రంలో ఉదయం పూజలో అన్ని డబ్బాలనూ ఒకేసారి ఆశీర్వదింపజేసి, ఊరి పేరు రాసిన డబ్బాను ఆ ఊరి ఉపదేశి గారికి ఇచ్చేయాలి. సాయంత్రం ఊళ్ళో వాక్య ప్రార్థన పెట్టి, పఠనాలూ చిన్న ప్రసంగమూ అయ్యాక పంచిపెట్టాలి. మనిషి మట్టి నుంచి వచ్చి మట్టికే పోతాడని చెప్పే వాక్యం, మారుమనస్సు పొంది సువార్తను విశ్వసించమనే వాక్యం అని రెండున్నాయి. ఏదో ఒకటి ఎంచుకుని ప్రతి మనిషికీ వినపడేలా చెప్పాలి. గొణుగుతూ బొట్టు పెట్టినట్టు పెట్టేస్తే వచ్చినవాళ్ళకు ఆ వాక్యం అందదు. పూజ ఉన్న చోట ఇంకొకటి గమనించాలి: ఆ రోజు పూజ మొదట్లో ఉండే పశ్చాత్తాప విధి ఉండదు, బూడిద పెట్టడమే దాని బదులు. అలవాటుకొద్దీ పాటల బృందం ‘ప్రభువా దయచూపండి’ అందుకోకుండా ముందే చెప్పి ఉంచండి.

ఉపవాసం, శుద్ధ భోజనం

ఈ రెండింటినీ జనం కలిపేస్తారు. ఉపవాసం విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం, రెండు రోజులే. 18 నిండినవాళ్ళ నుంచి 59 నిండేవరకు. ఒక పూట కడుపునిండా తినవచ్చు, మిగతా రెండు పూటలా కొద్దిగా తీసుకోవచ్చు. ఆ రెండూ కలిపినా ఒక పూర్తి భోజనం కాకూడదన్నది వాడుక. శుద్ధ భోజనం, అంటే మాంసం మానడం, 14 నిండిన అందరికీ, వయసు పైబడినా సడలింపు లేదు. చేప, గుడ్డు, పాలు నిషేధం కాదు. చేపల పులుసు తింటే నియమం తప్పినట్టు కాదు. వంజరం వేపుడు చేయించుకుని ఉపవాసం అంటే మాత్రం పక్కింటివాళ్ళు నవ్వుతారు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చక్కెర జబ్బుకు మందులు వాడేవాళ్ళు, ఎండలో రోజంతా ఒళ్ళు వంచేవాళ్ళు ఉపవాసం ఉండి కళ్ళు తిరిగి పడిపోవలసిన పని లేదు, వాళ్ళు ఇంకో త్యాగం ఎంచుకోవచ్చు. ఈ మాట గుడిలో బయటికే చెప్పాలి. చెప్పకపోతే ముందుగా మాత్రలు మానేసేది మన అమ్మమ్మలే. సత్ప్రసాదానికి (పూజలో తీసుకునే పవిత్ర అప్పానికి) ముందు గంట ఏమీ తినకూడదన్న నియమానికి కూడా మంచినీళ్ళూ మందులూ అడ్డు కావు.

మానుకున్న దాని ఖరీదు పక్కన పెడితేనే ఉపవాసం పూర్తవుతుంది. ఇంటికొక అట్టపెట్టె ఇవ్వండి, మట్టల ఆదివారం నాడు వెనక్కి తీసుకోండి. పెట్టె మీద ఇంటిపేరు రాయకండి, ఎవరెంత వేశారన్న లెక్కలు మొదలవుతాయి. ఆ డబ్బు కారితాస్ ఇండియా తపస్సు కాల నిధికి ఎంత, ఊళ్ళో పేదలకు ఎంత అన్నది మేత్రాసనం (బిషప్ గారి కార్యాలయం) చెప్పినట్టు పంచి, లెక్క నోటీసు బోర్డు మీద పెట్టాలి. పవిత్ర శుక్రవారం కానుక మాత్రం దీంతో కలపకూడదు, అది యేసు జీవించిన పుణ్యభూమికి వెళ్తుంది.

గుడి లోపల

బలిపీఠం మీద పూలుండవు. నాలుగో ఆదివారం (2027లో మార్చి 7), మహోత్సవాలు, పండుగలు మినహాయింపు. వాద్యాలు కూడా పాటకు ఆసరాగా మాత్రమే వాడాలి. కీబోర్డులో రిథమ్ ఆపేయండి, డోలక్‌కు గుడ్డ కప్పి మూల పెట్టండి. శ్రుతి కోసం ఒక్క స్వరం పట్టి ఉంచితే సరిపోతుంది. తాళం లేకపోతే జనం సాగదీస్తారన్న భయం నిజమే, కాబట్టి ముందు వరసలో నలుగురు గట్టి గొంతులవాళ్ళను కూర్చోబెట్టండి. ‘అల్లెలూయ’ ఈస్టరు జాగరణ దాకా నోట రాకూడదు. సువిశేషం ముందు మానేస్తారు గానీ, సత్ప్రసాదం పాట రెండో చరణంలో అది దాక్కుని ఉంటుంది. పాటల జాబితా రాసేటప్పుడే చరణాలన్నీ చదవండి.

తీర్థం తొట్టెల్లో ఇసుకో ముళ్ళో పోయడం ఈ మధ్య కొన్నిచోట్ల కనిపిస్తోంది. చూడ్డానికి బాగుంటుంది కానీ సరైనది కాదు. తపస్సు కాలం జ్ఞానస్నానాన్ని గుర్తు చేసుకునే కాలం కూడా. తొట్టెలు ఖాళీ చేయాల్సింది పవిత్ర త్రిదినాల్లోనే (గురువారం సాయంత్రం నుంచి ఈస్టరు దాకా). ఊళ్ళో ఈస్టరుకు జ్ఞానస్నానం పొందే పెద్దవాళ్ళుంటే మూడు, నాలుగు, ఐదు ఆదివారాల్లో సమరియ స్త్రీ, పుట్టుగుడ్డి, లాజరు సువిశేషాలు చదవవచ్చు. ఇవి మూడేళ్ళ పఠనాల చక్రంలో ఎ సంవత్సరానివి, అయినా బి సంవత్సరమైన 2027లో వాడుకోవచ్చు. చదివేవాళ్ళకు ముందే చెప్పండి, అవి బాగా పొడుగు.

ఐదో ఆదివారం నుంచి సిలువలకూ స్వరూపాలకూ (విగ్రహాలకు) ఊదా గుడ్డ కప్పే ఆచారం మీ మేత్రాసనంలో ఉంటే, సిలువ మార్గం పటాలకు మాత్రం కప్పకండి. వాటితో ఇంకా పని ఉంది.

సిలువ మార్గం

ఫాదర్ గారు లేకపోయినా ఏ లోటూ రానివాటిలో ముఖ్యమైనది ఇదే, అందుకే దీనికి ఎక్కువ సిద్ధం కావాలి. పద్నాలుగు స్థలాలకూ ముఖ్యమైనవి చెక్క సిలువలు, పటాలు అదనం. పరిపూర్ణ ఫలం (పాపాలకు పడే శిక్ష పూర్తిగా తొలగే వరం) పొందాలంటే ఒక స్థలం నుంచి ఇంకో స్థలానికి కదలాలి. దాంతోపాటు మామూలు షరతులు: పాపసంకీర్తనం, సత్ప్రసాదం, పాపుగారి (పోపు) ఉద్దేశాల కోసం జపం. ముప్పై అడుగుల గుడిలో నూట యాభై మంది కదల్లేరు కాబట్టి నడిపించే మనిషి, సిలువ మోసేవారు, రెండు కొవ్వొత్తులు పట్టుకున్న పిల్లలు కదిలితే చాలు. మిగతావాళ్ళు ఉన్నచోటే ఆ స్థలం వైపు తిరుగుతారు.

సమయం లెక్క వేసుకోండి. స్థలం పేరు చెప్పి మోకాలు వంచడానికి 20 సెకన్లు, వాక్యానికి 40, ధ్యానానికి 60, పరలోక, మంగళవార్త, త్రిత్వస్తోత్ర జపాలకు 40, పాట పాడుతూ తర్వాతి స్థలానికి 45. మొత్తం 205 సెకన్లు. పద్నాలుగింటికి 48 నిమిషాలు, మొదలూ చివరా కలిపి 55. ఇది కాగితం మీద లెక్క. నిజంగా జరిగేదేమిటంటే మొదటి మూడు స్థలాలకే సొంత ప్రసంగాలు చేరి ఇరవై నిమిషాలు పోతాయి. తొమ్మిదో స్థలం దగ్గర పిల్లలు గోల పెడతారు, ఆ కంగారులో పన్నెండోది పరుగు మీద అయిపోతుంది. అందరూ మోకాళ్ళ మీద నిశ్శబ్దంగా ఉండాల్సింది అక్కడే. విరుగుడు ఒక్కటే. ధ్యానం పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదవాలి, ఏడో స్థలం 25వ నిమిషంలోపు దాటాలి. వాచీ చూసుకునే బాధ్యత చదవని మనిషికి ఇవ్వండి. ఇద్దరు చదువుతారు, ఒకరు నడిపిస్తారు. ముగ్గురి దగ్గరా ఒకే ముద్రణ పుస్తకం ఉండాలి. పాత పుస్తకమూ కొత్త పుస్తకమూ కలిస్తే జవాబుల దగ్గర గుడి రెండుగా చీలిపోతుంది. నడకకు ఒక్క చరణం చాలు.

వీధిలో చేసేటప్పుడు స్థలానికీ స్థలానికీ ముప్పై అడుగుల నడక ఉంటే సరిపోతుంది. అంతకన్నా దూరమైతే పాట అయిపోయి మాటలు మొదలవుతాయి. పద్నాలుగు ఇళ్ళవాళ్ళకు ముందే చెప్పి, వాకిట్లో బల్ల, తెల్ల గుడ్డ, సిలువ, రెండు వత్తులు పెట్టించండి. రోడ్డు దాటేదైతే పోలీసులకు ముందే అర్జీ ఇవ్వాలి. స్పీకరు బండిని ముందు పెట్టకండి, గుంపు మధ్యలో నడిపించండి. ముందు పెడితే వెనకవాళ్ళకు ఆలస్యంగా వినపడి, ముందు ‘పరిశుద్ధ మరియమ్మా’ అంటుంటే వెనక ఇంకా ‘మంగళవార్త’లోనే ఉంటారు. వత్తి గాలికి ఆరకుండా నీళ్ళ సీసా పైభాగం కోసి బోర్లించి అందులో గుచ్చితే చాలు, చేతి మీద మైనమూ పడదు.

మోసే సిలువ గురించి కాస్త. ఏడడుగుల నిలువు, నాలుగడుగుల అడ్డం, మూడంగుళాల చదరం చెక్క అయితే టేకులో పన్నెండు పదమూడు కిలోలుంటుంది. అదే నాలుగంగుళాల చెక్క తీసుకుంటే ఇరవై రెండు దాటుతుంది. అంగుళమే కదా అనుకుని వడ్రంగి దగ్గర పెద్దది ఒప్పుకుంటారు, మూడో స్థలానికే మోసేవాళ్ళ భుజం పోతుంది. రెండు చెక్కలూ కలిసేచోట చెరి సగం మందం కోయించి ఒకదాన్నొకటి కూర్చి, మధ్యలో బోల్టు వేయించండి. మేకులతో కొడితే మూడో శుక్రవారానికి అడ్డం ఊగడం మొదలుపెడుతుంది, నేల మీద ఆనించిన ప్రతిసారీ ఇంకాస్త వదులవుతుంది. భుజం ఆనేచోట అంచులు నున్నగా గీయించాలి. ప్రతి స్థలానికీ మోసే మనిషి మారాలి. పేర్లు ముందే రాసి పెట్టండి, లేకపోతే కుర్రాళ్ళలో గట్టివాళ్ళిద్దరే పద్నాలుగూ మోస్తారు. ఎనిమిదో స్థలం యెరూషలేము స్త్రీలది, కనీసం అక్కడన్నా ఆడవాళ్ళకు ఇవ్వండి.

పాపసంకీర్తనం

మనిషికి మూడు నిమిషాలనుకుంటే ఒక గురువు గంటకు ఇరవై మందిని వింటారు. రెండు వందల మందికి పది గంటలు. పవిత్ర వారంలో ఒక్క ఫాదర్ గారికి అది కుదరదు. ఐదో వారంలో ఒక సాయంత్రం చుట్టుపక్కల విచారణల నుంచి ముగ్గురిని పిలిస్తే నలుగురు కలిసి రెండున్నర గంటల్లో పూర్తి చేస్తారు. వాళ్ళ విచారణలకు మీ ఫాదర్ గారు వెళ్తారు. కుర్చీలు గుడి నాలుగు మూలలా వేసి, వరస పది అడుగుల దూరంలో నిలబడేలా సుద్దతో గీత గీయండి. మైకు ఆపేసి, మెల్లగా పాట పెట్టండి. పూర్తి నిశ్శబ్దంలో గొంతు గోడకు కొట్టి వినపడుతుంది. ఉత్తమ మనస్తాప జపాన్ని పెద్ద అక్షరాల్లో రాసి ప్రతి కుర్చీ పక్కనా అంటించాలి, ఏడాదికోసారి వచ్చేవాళ్ళు అక్కడే తడబడి సిగ్గుపడతారు. ముసలివాళ్ళనూ చంటిపిల్లల తల్లులనూ ముందు పంపాలి. మంచం పట్టినవాళ్ళ జాబితా ఇంటి గుర్తులతో సహా రాసి ఫాదర్ గారికి వారం ముందే ఇవ్వండి.

మట్టలు, గురువారం అప్పాలు

మట్టలు శనివారం సాయంత్రం కోసి తడి గోనెపట్టాలో చుట్టి నీడలో పెట్టాలి. ఎండలో వదిలేస్తే ఆదివారానికి ముడుచుకుపోతాయి. ఊరేగింపు గుడి ముందు నుంచి కాక ఇంకో చోటు నుంచి మొదలవ్వాలి. 2027లో చదివేది మార్కు శ్రమల చరిత్ర. క్రీస్తు మాటలు వీలైతే గురువుకు వదిలి మిగతావి ఇద్దరు పంచుకోవాలి, బుధవారమే ఒకసారి నిలబడి చదివి చూసుకోవాలి. ఆశీర్వాదం అయ్యాక ఒక కట్ట మట్టలు ఇళ్ళకు పోకుండా సాక్రిస్టీలో (పూజ సామాను గదిలో) అట్టే పెట్టండి, వచ్చే ఏడాది బూడిదకు అవే.

తపస్సు కాలం గురువారం సాయంత్రం పూజ మొదలవడంతో ముగుస్తుంది, కానీ సత్ప్రసాదం అప్పాల లెక్క మాత్రం శుక్రవారానికి కూడా వేయాలి. శుక్రవారం పూజ ఉండదు, ఆ రోజు పంచేది గురువారం అభిషేకించినదే. పైగా గురువారం పూజకు ముందు మందసం (సత్ప్రసాదం దాచే పెట్టె) పూర్తిగా ఖాళీగా ఉండాలి కాబట్టి పాతవాటి మీద ఆధారపడడానికి లేదు. గురువారం మూడు వందల మంది, శుక్రవారం నాలుగు వందల యాభై మంది, రోగులు ఇరవై మంది అయితే మొత్తం 770. ఎనిమిది వందలు పెట్టుకోండి. సిస్టర్ల దగ్గర రెండు వారాల ముందే చెప్పి తెప్పించి బిగుతు మూత డబ్బాలో ఉంచాలి, కోస్తా గాలికి రెండు రోజుల్లో మెత్తబడిపోతాయి. శుక్రవారం మిగిలింది వేరే చోట దీపంతో భద్రపరుస్తారు. జాగరణ దాకా చావుబతుకుల్లో ఉన్నవాళ్ళకు ఇచ్చేది అందులోంచే. ఆ రెండు రోజులూ తాళం ఎవరి దగ్గర ఉందో ఉపదేశి గారికి తెలిసి ఉండాలి.